వంశం గురించిన వివాదాన్ని ఆధారాలతో తేల్చుకోవడం ఎలా

ఒకే ఇంటిపేరు గల రెండు శాఖలు ఒకే మూలపురుషుణ్ణి తమవాడంటే తమవాడని వాదించుకోవడం, దత్తత వెళ్లినవారి సంతతిని దాయాదులు తమలో కలుపుకోకపోవడం, ఫలానా జమీందారు కొలువులో దివానుగా ఉన్నవారు మా ముత్తాతగారేనని ఒక కుటుంబం వంశవృక్షం అచ్చువేయిస్తే మరో కుటుంబం అభ్యంతరం చెప్పడం గుంటూరు, విజయవాడ ప్రాంతాలకు కొత్త కాదు. ఇలాంటి వివాదం ఎవరి గొంతు పెద్దదన్న దానిమీద కాక, ఎవరి కాగితం ముందుది, దాన్ని ఎవరు ఏ అవసరం కోసం రాశారు అన్న దానిమీద తేలాలి.

మొదట చేయవలసిన పని, వాదనను తండ్రీబిడ్డల లంకెలుగా విడగొట్టడం. ఏడు తరాల వంశవృక్షంలో ఆరు లంకెలుంటాయి. వాటిలో ఒక్కదానికి ఆధారం లేకపోయినా ఆపైనున్న పేర్లన్నీ ఆ కుటుంబానికి ఇంకా చెందనట్టే లెక్క. కనుక మన తరం నుంచి పైకి వెళ్లాలి గాని ప్రసిద్ధ పురుషుడి నుంచి కిందికి దిగకూడదు. పైనుంచి దిగేవారికి పేరు కలిసినచోటల్లా బంధుత్వమే కనిపిస్తుంది.

ఒక్కో లంకెకు దొరికిన కాగితాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు, రాసినవారికి ఆ సంగతి స్వయంగా తెలుసా, ఆ రోజుల్లోనే రాశారా, అలా రాయడం వల్ల వారికేమైనా లాభముందా అని పరిశీలించాలి. మరణించినవారు బంధుత్వం గురించి చెప్పిన మాట వివాదం తలెత్తక ముందటిదైతేనే సాక్ష్యంగా చెల్లుతుందని 1872 నాటి సాక్ష్య చట్టం 32వ సెక్షన్ చెప్పింది. 2024 జులై 1న దాని స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఆ నియమం కొనసాగుతోంది. కోర్టు మెట్లు ఎక్కే ఉద్దేశం లేనివారికి కూడా ఇంతకన్నా మంచి కొలబద్ద లేదు. గొడవ మొదలయ్యాక నోటరీ ముందు సంతకం చేయించిన అఫిడవిట్ కన్నా, తద్దినంలో చెప్పవలసిన మూడు తరాల పేర్లను తిథులతో సహా తాతగారు రాసి ఉంచుకున్న పాత నోటుపుస్తకం ఎంతో విలువైనది.

భూమి ఉన్న కుటుంబాలకు అన్నిటికన్నా గట్టి ఆధారం రిజిస్టరైన భాగపంపకాల దస్తావేజు. అందులో అన్నదమ్ములందరి పేర్లు, తండ్రి పేరు, ఊరు ఒకేచోట ఉంటాయి, పైగా ఒకరి వాటా మీద మరొకరి కన్ను ఉంటుంది కాబట్టి లేని వారసుణ్ణి చేర్చనివ్వరు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం, స్థిరాస్తి దస్తావేజులు నమోదయ్యే ఒకటో పుస్తకం నుంచి ఎవరైనా ఫీజు కట్టి సర్టిఫైడ్ నకలు పొందవచ్చు. మూడో పుస్తకంలోని వీలునామా నకలు మాత్రం రాసినవారు మరణించిన తరువాతే ఇతరులకు ఇస్తారు. కంప్యూటర్లోకి ఎక్కని సంవత్సరాలకు సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలోని ఇండెక్స్ పుస్తకాలను ఓపికగా వెతికించుకోవాలి.

అంతకు వెనుకటి కాలానికి, ముఖ్యంగా పౌరోహిత్యం, దేవాలయ సేవ, గ్రామ వృత్తుల కింద మాన్యాలు అనుభవించిన కుటుంబాలకు, ఇనాం ఫెయిర్ రిజిస్టరు ఉపయోగపడుతుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ విచారణతో తయారైన ఈ రిజిస్టరులో మాన్యం మొదట ఎవరికి ఇచ్చారు, నాటి అనుభవదారు ఎవరు, అతని వయసెంత, మొదటి గ్రహీతకు అతడేమవుతాడు అన్న వివరాలు ఉంటాయి. అయితే ఆ చివరి వివరం మీదనే మాన్యం నిలవడం ఆధారపడి ఉండేది కాబట్టి, అనుభవదారుకు తనను గ్రహీత వంశంలో చూపించుకునే అవసరం ఉండేదని మరువకూడదు. నాటి మనిషి పేరు, వయసుల వరకు ఈ రిజిస్టరును నిశ్చింతగా నమ్మవచ్చు గాని, వంద సంవత్సరాల వెనుకటి గ్రహీతతో చుట్టరికాన్ని మరో ఆధారంతో సరిచూడాలి. బ్రిటిష్ సర్వేయరు కాలిన్ మెకంజీ సేకరింపజేసిన గ్రామ కైఫియతులకూ (ఊళ్ల స్థానిక చరిత్రలకూ) ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. వంశరాజులనే గాయకులు పాడి చెప్పే వంశక్రమాలను వెతకడానికి దారిగా తీసుకోవాలి, తీర్పుగా తీసుకోకూడదు.

భూమి లేని కుటుంబాల మాట వేరుగా చెప్పాలి. దస్తావేజు లేదన్న ఒక్క కారణంతో వారి వాదనను కొట్టిపారేయడం నా దృష్టిలో పెద్ద అన్యాయం. వారికి బడి అడ్మిషన్ రిజిస్టర్లు, మునిసిపాలిటీ జనన మరణ నమోదులు, చర్చి బాప్తిస్మపు రిజిస్టర్లు ఉన్నాయి. 1842లో ఫాదర్ హేయర్ గుంటూరుకు రావడంతో మొదలైన లూథరన్ మిషన్ సంఘాల్లో, ఏ రెవెన్యూ లెక్కలోనూ కనిపించని తల్లిదండ్రుల పేర్లు దొరకవచ్చు.

పత్రాలు చదివేటప్పుడు మన ప్రాంతంలో ఎక్కువమందిని తప్పుదారి పట్టించేది తాత పేరు మనవడికి పెట్టే ఆచారం. రామయ్య కొడుకు సుబ్బయ్య, అతని కొడుకు మళ్లీ రామయ్య అయినప్పుడు ఇద్దరు రామయ్యలు ఒక్కరైపోయి రెండు తరాలు మాయమవుతాయి. తరానికి పాతిక నుంచి ముప్పై ఏళ్లు వేసుకుని లెక్క సరిపోతుందో లేదో చూడాలి. నందన సంవత్సరం అని మాత్రమే రాసి ఉంటే అది గుంటూరు కరువు నాటి 1832 కావచ్చు, 1892 కావచ్చు, 1952 కూడా కావచ్చు. ఫసలీ (జులై నుంచి జూన్ వరకు లెక్కించే రెవెన్యూ సంవత్సరం) ఉంటే 590 కలపాలి. ఫసలీ 1320 అంటే 1910 జులై నుంచి 1911 జూన్ వరకు.

ఎక్కడ వెతకాలన్నది జిల్లా చరిత్రను బట్టి ఉంటుంది. గుంటూరు జిల్లా 1859లో రద్దయి 1904లో మళ్లీ ఏర్పడింది కాబట్టి, ఆ మధ్యకాలపు కాగితాలు కృష్ణా జిల్లా పేరుతో ఉండే అవకాశం ఎక్కువ. ఒంగోలు వైపు వారు 1904కు ముందు నెల్లూరును, తరువాత 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా గుంటూరును చూడాలి. ప్రెసిడెన్సీ కాలపు రికార్డుల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్లవలసి రావచ్చు.

దత్తత, ఇల్లరికం ఉన్న చోట రక్తసంబంధం, వారసత్వం వేర్వేరు ప్రశ్నలని ఇరుపక్షాలూ ముందే ఒప్పుకోవాలి. అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు ఇద్దరిని దత్తత తీసుకోగా నడిచిన దావాలో, మొదటి దత్తుడు జీవించి ఉండగా రెండో దత్తత చెల్లదని నాటి అత్యున్నత న్యాయస్థానమైన ప్రివీ కౌన్సిల్ 1846లో తేల్చింది. అది హక్కుకు సంబంధించిన తీర్పు, రక్తానికి సంబంధించినది కాదు. డీఎన్ఏ పరీక్షకూ ఇలాంటి పరిమితే ఉంది. వై క్రోమోజోము ఇద్దరు పురుషులకు ఒకే పితృమూలం ఉందో లేదో చూపగలదు గాని ఆ మూలపురుషుడి పేరు చెప్పదు, ఇల్లరికపు అల్లుడి సంతతిలో ఇంటిపేరుతో అసలు కలవకపోవచ్చు.

చివరగా ప్రతి లంకె పక్కన దాని ఆధారం, తేదీ, నకలు ఎక్కడ దొరికిందో రాసి, నిర్ధారితం, సంభావ్యం, ఆధారం లేదు అన్న మూడు మాటల్లో ఒకదాన్ని తప్పక వేయాలి. మనకు ప్రతికూలంగా ఉన్న పత్రాన్ని కూడా అందులో చేర్చాలి. ఆ ప్రతిని రెండో శాఖవారికి పంపి, వారి అభ్యంతరాన్ని వారి మాటల్లోనే పక్కన నమోదు చేసిన తరువాత గాని వంశవృక్షాన్ని అచ్చుకు ఇవ్వకూడదు.