ముందు లెక్క, తర్వాతే విటమిన్లు: పోకెమాన్ టీమ్‌ని పోటీకి తయారు చేసుకునే పద్ధతి

పోకెమాన్ వీడియో గేమ్‌లో నా గార్చాంప్ కొట్టిన ఎర్త్‌క్వేక్ దెబ్బకి ఎదుటివాడి రెండు పోకెమాన్లూ నిలబడ్డాయి. పడిపోయింది ఎవరంటే, పక్కనే నిలబడ్డ నా ఇన్సినరోర్. దసరా సెలవులకి దేవరకొండ నుంచి నల్లగొండకి వచ్చిన మా మేనమామ కొడుకు వెనక కూర్చుని ఫోన్‌లోకే చూస్తున్నాడు, "బావా, మనోడినే చంపినవ్ గదా" అన్నాడు. డబుల్స్‌లో, అంటే ఇద్దరేసి దిగే ఆటలో, ఎర్త్‌క్వేక్ పక్కవాడికీ తగులుతుందని నాకు తెలియక కాదు. తగిలినా బతుకుతాడులే అనుకున్నా, లెక్క వేయలేదు. ఆ రాత్రి వాడికి కూర్చోబెట్టి చెప్పిందే కొంచెం సర్ది ఇక్కడ రాస్తున్నా.

పోటీ ఆట అంటే ఇక్కడ నేను చెప్పేది పోకెమాన్ స్కార్లెట్, వయలెట్ ఆటల్లోని వీజీసీ పద్ధతి, అంటే అధికారిక టోర్నమెంట్ల పద్ధతి. ఆరుగురితో టీమ్ కడతాం, ప్రతి ఆటకీ అందులోంచి నలుగుర్ని ఎంచుకుంటాం, ఒకేసారి ఇద్దరు దిగుతారు, అందరూ లెవెల్ 50 కిందే లెక్క. ఏయే పోకెమాన్లు చెల్లుతాయన్నది రెగ్యులేషన్‌ని (అప్పటికి నడిచే నియమాల జాబితాని) బట్టి మారుతూ ఉంటుంది కాబట్టి టీమ్ కట్టేముందు ఇప్పుడు నడుస్తున్న రెగ్యులేషన్ ఏదో చూసుకోండి. నేను కింద చెప్పే పేర్లు ఉదాహరణకే, ఈ రెండు ఆటల్లో లెక్క మాత్రం ఏ పోకెమాన్‌కైనా అదే.

స్విచ్ (ఈ ఆటలు నడిచే నింటెండో మిషన్) లేదని ఆగిపోవద్దు. పోకెమాన్ షోడౌన్ అని ఉంది, ఫ్రీ, బ్రౌజర్‌లోనే ఆడొచ్చు, మామూలు ఫోన్ చాలు. అందులో ట్రైనింగ్ అనే పనే లేదు, టీమ్‌బిల్డర్‌లో అంకెలు జరిపితే పోకెమాన్ తయారు. స్విచ్ ఉన్నవాళ్లు కూడా ముందు అక్కడే ఆడి చూసి, టీమ్ కుదిరాకే స్కార్లెట్‌లోనో వయలెట్‌లోనో పెంచుకోవడం మంచిది. నేను ఉల్టా చేశా, ముందు పెంచేసి తర్వాత ఆడా. ఆటలోని డబ్బులూ పోయాయి, రెండు ఆదివారాలూ పోయాయి.

సరే, లెక్కకి వద్దాం. దీనికి భయపడేవాళ్లు చాలామంది ఉన్నారు గానీ ఇంటర్ దాకా కూడా అక్కర్లేదు, ఆరో తరగతి లెక్కలు చాలు. ఒక పోకెమాన్ స్పీడో అటాకో నాలుగింటి మీద ఆధారపడుతుంది. ఒకటి, ఆ జాతికి పుట్టుకతో వచ్చే బేస్ అంకె. రెండు, ఐవీ, అంటే ఆ ఒక్క పోకెమాన్‌కి పుట్టుకతో వచ్చింది, 0 నుంచి 31 దాకా ఉంటుంది. మూడు, ఈవీ, ఇది మనం పెంచేది. నాలుగు, నేచర్, ఒకదాన్ని 10 శాతం పెంచి ఇంకోదాన్ని 10 శాతం తగ్గిస్తుంది. 25 నేచర్లలో ఐదు ఏమీ చేయవు, వాటి జోలికి పోకండి.

గార్చాంప్ స్పీడ్ చూద్దాం. బేస్ 102. దాన్ని రెట్టింపు చేస్తే 204, దానికి ఐవీ 31 కలపాలి, ఈవీ 252 పెడితే అందులో నాలుగో వంతు 63 కలపాలి, మొత్తం 298. లెవెల్ 50 కాబట్టి అందులో సగం, 149. దానికి 5 కలిపితే 154. జాలీ నేచర్ అయితే ఇంకో 10 శాతం, దశాంశం కొట్టేస్తే 169. అంతే, అయిపోయింది. హెచ్‌పీకి (ప్రాణానికి) మాత్రం చివర్లో 5 బదులు 60 కలుపుతారు, నేచర్ దానికి వర్తించదు.

ఈవీలు ఒక్కో పోకెమాన్‌కి మొత్తం 510, ఒక్కో దాంట్లో 252కి మించి పట్టవు. ఎండాకాలం బోరు ఎండిపోతే బత్తాయి తోటకి ట్యాంకర్ తోలించుకున్నవాళ్లకి ఈ సంగతి చెప్పక్కర్లేదు, ఒక్క ట్యాంకర్ నీళ్లు తోటంతా చల్లితే ఏ చెట్టుకీ అందవు. అందుకే చాలామంది రెండింట్లో 252, మిగిలిన 6లో పనికొచ్చే 4 ఎక్కడో ఒకచోట పడేసి టీమ్ అయిపోయిందంటారు. అది తప్పని అనను, మొదటి నెల అలాగే ఆడండి. కానీ ఆ 252 ఎందుకు పెట్టావని అడిగితే ఎదుటివాడి పోకెమాన్ ఒకదాని పేరు చెప్పగలగాలి. పేరు రాలేదంటే ఆ పాయింట్లు వేస్ట్ అయినట్టే లెక్క.

ఎలాగో చూడండి. బేస్ స్పీడ్ 100 ఉన్న పోకెమాన్లు గుంపుగా ఉంటాయి, వాటి గరిష్ఠ స్పీడ్ 167. మన జాలీ గార్చాంప్ 169, రెండంటే రెండే ఎక్కువ, కానీ ముందు కొట్టేది మనమే. అక్కడ 252 పెట్టడానికి కారణం ఉంది. ఇప్పుడు పక్కన విమ్సికాట్‌ని పెట్టి టెయిల్‌విండ్ వేయించే టీమ్ అనుకుందాం. టెయిల్‌విండ్ నాలుగు టర్న్‌ల పాటు మనవాళ్ల స్పీడ్ రెట్టింపు చేస్తుంది, విమ్సికాట్‌కి ప్రాంక్‌స్టర్ అనే ఎబిలిటీ ఉంటే దాన్ని మామూలు మూవ్‌లన్నిటికంటే ముందే వేసేస్తుంది కూడా. అలాంటప్పుడు జాలీ దేనికి? అటాక్ పెంచే అడమెంట్ నేచర్ పెడదాం, స్పీడ్ 154, అటాక్ 182 నుంచి 200కి పోతుంది. గాలి వీస్తుంటే 154 కాస్తా 308. ఎదురుగా స్పీడ్ పెంచే టిమిడ్ నేచర్‌తో ఫ్లట్టర్ మేన్ ఉంది, దాని గరిష్ఠ స్పీడ్ 205, బూస్టర్ ఎనర్జీ అనే ఐటమ్ స్పీడ్‌కి పడితే ఒకటిన్నర రెట్లు, అంటే 307. మనం 308. ఒక్క పాయింట్! ఈ అంకె మొదటిసారి కాగితం మీద తేలినప్పుడు రాత్రి పన్నెండు దాటింది, నేనొక్కణ్ణే చప్పట్లు కొట్టుకున్నా. అదే బూస్టర్ లేని ఫ్లట్టర్ మేన్ ఒక్కదాని కోసమే అయితే స్పీడ్‌లో ఈవీ అసలు పెట్టకపోయినా గార్చాంప్ 122, రెట్టింపు 244, హాయిగా దాటేస్తుంది. అప్పుడు ఆ 252 తీసి హెచ్‌పీలోనో డిఫెన్స్‌లోనో పెట్టుకోవచ్చు.

ఇంకో చిన్న సంగతి. లెవెల్ 50లో ఐవీ 31 ఉన్నప్పుడు మొదటి 4 ఈవీలకి ఒక పాయింట్ వస్తుంది, తర్వాత నుంచి ప్రతి 8కి ఒకటి. 4, 12, 20, 28 అలా. మధ్యలో 16 పెట్టినా 12 పెట్టినా ఒకటే, ఆ నాలుగూ ఇంకోచోట పెట్టుకోండి.

ఇక దెబ్బ తట్టుకునే వైపు. నా ఇన్సినరోర్ ఎందుకు చచ్చిందో మర్నాడు లెక్క వేశా. దానికి అటాక్ 252, స్పీడ్ 252 పెట్టి ఉంచా, ఎందుకో అడగొద్దు. హెచ్‌పీలో ఏమీ లేదు కాబట్టి 170. అటాక్ 200 ఉన్న గార్చాంప్ ఎర్త్‌క్వేక్ ఇన్సినరోర్‌కి తగిలితే, ఇద్దరిలో ఎవరూ టెరా (ఆట మధ్యలో తన టైప్ మార్చుకోవడం) కాకుండా, దెబ్బ పెంచే ఐటమ్ లేకుండా, 152 నుంచి 182 దాకా పోతుంది. దెబ్బ ప్రతిసారీ ఒకేలా పడదు, 85 శాతం నుంచి 100 శాతం వరకు 16 మెట్లు ఉంటాయి. ఆ పదహారింట్లో ఏడు 170 లేదా అంతకంటే ఎక్కువ. అంటే దాదాపు సగం సార్లు నేను నా వాణ్ణే చంపుకుంటా. అదే 252 హెచ్‌పీలో పెడితే 202, ఎంత గట్టిగా పడినా 20 మిగులుతుంది. ఇన్సినరోర్ చేసే పని ఏంటి? వచ్చీరాగానే ఇంటిమిడేట్‌తో ఎదుటివాళ్ల అటాక్ దించడం, మొదటి టర్న్ ఫేక్ ఔట్‌తో ఒకణ్ణి ఆపడం, వెనక్కి పోవడం, మళ్లీ రావడం. అలాంటివాడికి కావాల్సింది ప్రాణం, పరుగు కాదు.

ఈ దెబ్బల లెక్క చేత్తో వేయక్కర్లేదు, షోడౌన్‌వాళ్లదే డ్యామేజ్ క్యాలిక్యులేటర్ ఉంది. కానీ ఒక్కసారైనా చేత్తో వేయండి, లేకపోతే అది చెప్పేదేంటో అర్థం కాదు.

ట్రిక్ రూమ్ అనే మూవ్ వేసే టీమ్ అయితే అంతా తిరగబడుతుంది, నెమ్మదిగా ఉన్నవాడే ముందు కొడతాడు. టోర్కోల్‌కి స్పీడ్ తగ్గించే క్వయెట్ నేచర్, స్పీడ్ ఐవీ 0 అయితే స్పీడ్ 22, అమూంగస్‌ని అలాగే రిలాక్స్‌డ్ నేచర్‌తో దించితే 31. నేను ఈ రకం ఎక్కువ ఆడను, ఓపిక ఉన్నవాళ్లకి బాగుంటుంది.

ఆరుగుర్ని ఎంచుకునేటప్పుడు ఇష్టమైన వాళ్లని ఆరుగుర్నీ ఎక్కించేయొద్దు. ముందు ఒక జత తీసుకోండి, పైన చెప్పిన విమ్సికాట్, గార్చాంప్ లాంటిది. ఆ జతకి భయం ఎవరి నుంచి? గార్చాంప్‌కి ఐస్ దెబ్బ నాలుగు రెట్లు పడుతుంది, కాబట్టి టెరా స్టీల్ పెట్టుకుంటే ఐస్, డ్రాగన్, ఫెయిరీ మూడు టైపుల దెబ్బలూ సగమే తగులుతాయి. అయినా టెరా ఆటకి ఒక్కసారే, అది వాడేశాక రెండోవాడికి లేదు. కాబట్టి మూడో, నాలుగోవాళ్లు ఆ భయాన్ని తీసేవాళ్లు కావాలి. ఐదు, ఆరు స్థానాలు అప్పుడే ఖరారు చేయకుండా, తోచినవాళ్లని పెట్టి షోడౌన్‌లో ఓ ఇరవై ఆటలు ఆడండి. పక్కన నోట్‌బుక్ పెట్టుకోండి. ఓడిన ప్రతి ఆటకీ ఒక లైన్, ఎవరి చేతిలో ఓడాం, ఎవర్ని అసలు తీసుకెళ్లలేదు. ఇరవై ఆటల్లో రెండుసార్లు కూడా దిగని పోకెమాన్ టీమ్‌లో ఎందుకు? నా నోట్‌బుక్‌లో ఒక పేజీలో ఎనిమిది లైన్లు వరసగా "కరెంట్ పోయింది, టైమర్ అయిపోయింది" అని ఉన్నాయి, అవి లెక్కలోకి తీసుకోలేదు లెండి. వైఫై మీద ఆడేవాళ్లు ఫోన్ డేటా రెడీగా ఉంచుకోండి.

సొంత బుర్రతో టీమ్ కట్టడం మొదటి రోజే చేయాలని కూడా లేదు. స్కార్లెట్, వయలెట్‌లలో రెంటల్ టీమ్ కోడ్ కొడితే వేరేవాళ్ల టీమ్‌తో ఆన్‌లైన్ ఆడొచ్చు. కాపీ అనుకోకండి. బాగా ఆడేవాళ్లు ఈవీలు ఎక్కడ పెట్టారో చూసి, ఎవరికోసం పెట్టి ఉంటారో ఊహించడం కంటే మంచి ట్యూషన్ లేదు.

టీమ్ కుదిరింది అనుకున్నాక అప్పుడు స్విచ్ తీయండి. విటమిన్ ఒక్కోటి 10 ఈవీ ఇస్తుంది, ధర ఆటలోని డబ్బులో 10,000. ఒక దాంట్లో 252 నింపాలంటే 26 సీసాలు, చివరి సీసా రెండు పాయింట్ల కోసమే. 25 దగ్గర ఆగితే 250 వస్తుంది, 244 పెట్టినట్టే పనిచేస్తుంది, లెవెల్ 50లో ఒక పాయింట్ తక్కువ. 308కి, 307కి మధ్య తేడా చూశారు కదా, ఆ ఒక్కటి వదలొద్దు. కానీ దానికోసం పదివేలు పెట్టక్కర్లేదు, స్పీడ్ అయితే చేతిలో ఐటమ్ లేకుండా రెండు ఫ్లెచ్లింగ్‌లని కొట్టండి, ఒక్కోదానికి ఒక స్పీడ్ ఈవీ వస్తుంది. విటమిన్లకి అంత డబ్బు లేకపోతే పవర్ యాంక్లెట్ అనే ఐటమ్ తొడిగి ఫ్లెచ్లింగ్‌లనే కొడుతూ పోండి, యాంక్లెట్ 8 కలుపుతుంది, దాంతో ఒక్కోదానికి 9, సరిగ్గా 28 కొడితే 252.

ఇక్కడ ఒక గొయ్యి ఉంది. మీరు ఇలా కొట్టి ఒకదాన్ని పెంచుతుంటే పార్టీలో ఉన్న మిగతా ఐదింటికీ ఆ ఈవీలు పోతాయి, ఆపే మార్గం లేదు. పెంచడం అయిపోయినవాటిని, ఇంకా మొదలుపెట్టనివాటిని బాక్స్‌లో పెట్టేయండి. ఇప్పటికే చెత్త చేరిపోతే బెర్రీలు ఒక్కోటి 10 తగ్గిస్తాయి, స్పీడ్‌కి టమాటో బెర్రీ, హెచ్‌పీకి పోమెగ్. టీల్ మాస్క్ అనే అదనపు భాగం ఉన్నవాళ్లకి ఫ్రెష్ స్టార్ట్ మోచి ఒకటి తినిపిస్తే అంతా సున్నా అవుతుంది.

నేచర్ తప్పు ఉంటే మింట్, 20,000. పేరు పాతదే కనిపిస్తుంది, పనిచేసేది కొత్తది. ఐవీ తక్కువ ఉంటే లెవెల్ 50 చేరాక ఆటలోని మాంటెనెవెరా ఊళ్లో బాటిల్ క్యాప్ ఇచ్చి హైపర్ ట్రైనింగ్ చేయించండి, 31 ఉన్నట్టే లెక్కలోకి వస్తుంది. కానీ క్యాప్ పెంచుతుందే గానీ తగ్గించదు, ట్రిక్ రూమ్‌కి స్పీడ్ 0 కావాలంటే గుడ్లు పొదిగించుకోవడమో, అలాంటిదాన్నే పట్టుకోవడమో చేయాలి. టెరా టైప్ మార్చాలంటే మెడాలీ అనే ఊళ్లోని హోటల్‌లో ఆ టైప్ ముక్కలు 50 ఇవ్వాలి. ఈ ముక్కలు పోగు చేయడమే అన్నిటికంటే విసుగు, అందుకే ఏ టెరా కావాలో షోడౌన్‌లో తేల్చుకున్నాకే రెయిడ్లకి పోండి.

మా బావమరిది దేవరకొండ పోయాక వాడే సొంతంగా టీమ్ కట్టాడు. ఇన్సినరోర్‌కి హెచ్‌పీలో 252 పెట్టాడు, పక్కనే గార్చాంప్, కావాలనే ఎర్త్‌క్వేక్ కొట్టి 34 మిగిలిందని స్క్రీన్‌షాట్ పంపాడు. రెండు రోజులకి మళ్లీ ఫోన్. "బావా, ఇంకో కొత్త టీమ్ కట్టిన, గానీ ఎక్కిస్తలేదు, ఏమో ఎర్రర్ జూపిస్తుంది." చూస్తే ఇన్సినరోర్‌కీ అమూంగస్‌కీ ఇద్దరికీ సిట్రస్ బెర్రీనే ఇచ్చాడు. టీమ్‌లో ఒకే ఐటమ్ ఇద్దరికి పెట్టనివ్వరు, ఒకే పోకెమాన్‌ని రెండుసార్లు కూడా. అది చెప్పడం మర్చిపోయా.