హెచ్‌పీ తగ్గింది సరే, కథల ఏమైనట్టు?

డీ అండ్ డీ అనే డైస్ ఏసి ఆడే కథల ఆటల కొత్తగా డీఎం (కథ నడిపేటోడు) చేసేటోళ్లు ఎక్కువ ఇరుక్కునేది హెచ్‌పీ (హిట్ పాయింట్లు, దెబ్బ తగిలితే తగ్గే లెక్క) కాడనే. ఫైటర్‌కు (ఆయుధాలతోని కొట్లాడే పాత్ర) 40 హెచ్‌పీ ఉంటది, 12 డ్యామేజ్ తగుల్తది, డీఎం ఊపుల "ఈటె కడుపుల దిగి ఈపు నుంచి ఎల్లింది" అనేస్తడు, తర్వాత 8 గంటలు లాంగ్ రెస్ట్ (కథల రాత్రంత విశ్రాంతి) తీస్కుంటే హెచ్‌పీ మొత్తం తిరిగొస్తది, ఇగ ప్లేయర్ అడుగుతడు, కడుపుల పొక్క ఏమైందన్నా అని. రూల్ బరాబరే ఉంది, చెప్పిన తీరే ఎక్కువైంది.

డీ అండ్ డీ ఐదో ఎడిషన్ రూల్‌బుక్‌లనే (2014) క్లియర్‌గ ఉంది, హెచ్‌పీ అంటే ఒంటి బలం ఒక్కటే కాదు, మనసు గట్టితనం, బతకాలన్న పట్టుదల, అదృష్టం అన్నీ కలిపి అని. అందుకే సగం హెచ్‌పీ పైన ఉన్నంతసేపు రక్తం చూపియ్యకుండ్రి. 1310ల మాలిక్ కాఫర్ ముట్టడి అప్పటి ఓరుగల్లు మట్టికోట మీద ఫైట్ అనుకోండి, దెబ్బ డాలుకు తగిలి చెయ్యి తిమ్మిరెక్కింది, ఎనకకు జరగంగ మడిమె జారి మోకాలు మీద పడ్డడు, ఊపిరి అందుతలేదు, గిట్ల చెప్పుండ్రి. సగం దాటినంక చిన్నగ కోసుకపోవుడు, గీరుకపోవుడు. నాలుగో ఎడిషన్ల ఈ సగానికి బ్లడీడ్ అని పేరే పెట్టిండ్రు. జీరో చేసే దెబ్బ ఒక్కటే నిజంగ లోపలికి దిగాలె. మరి అదైనా తెల్లారేసరికి ఎట్ల మానింది అంటే, మానలేదు, కట్టు కట్టుకొని తిరుగుతున్నడు, కొట్లాడే సత్తువ మాత్రం వచ్చింది. గాయం కథల ఉంటది, డైస్ మీద దాని ఎఫెక్ట్ ఉండదు, ఈ ముచ్చట సెషన్ జీరోలనే (ఆట మొదలుకాకముందు అందరు కూసొని మాట్లాడుకునేది) అందరికి చెప్పి పెట్టుండ్రి, లేకుంటే చెయ్యి తిమ్మిరన్నవ్ కదా వాడికి డిసడ్వాంటేజ్ (రెండు డైస్ ఏసి తక్కువది తీస్కునుడు) ఇయ్యి అని లొల్లి మొదలైతది.

విషం బాణం కాడ మాత్రం ఈ పద్ధతి నడవదు, తోలుకు తగల్లేదంటే విషం ఎట్ల ఎక్కుతది? అక్కడ హెచ్‌పీ ఎంతున్నా సన్నటి గీత పడాల్సిందే.

బ్యాటిల్ మాస్టర్ (ఫైటర్లల ఒక రకం) ట్రిప్ అటాక్ లాంటియి, అంటే లెక్కకున్న ప్రత్యేక డైస్ ఖర్చు పెట్టి ఎదుటోన్ని కింద పడేసే ఎత్తులు, ఇంకో తలనొప్పి. కాలు అడ్డం పెట్టుడు వచ్చినోడికి డైస్ అయిపోంగనే ఎందుకు రాదు? వచ్చు, కాని ఎదుటోడు సందు ఇస్తలేడు. డైస్ ఖర్చు పెట్టుడంటే "ఇప్పుడు సందు దొరికింది" అని చెప్పే హక్కు ప్లేయర్‌ది. అది ఎట్ల దొరికిందో కూడ వాళ్లనే చెప్పనియ్యుండ్రి, మీకంటే మస్తు చెప్తరు.

ఇంత చేసినా ఒక్క రాత్రిల కోలుకునుడు మీ టేబుల్‌కు నచ్చకపోతే 2014 డీఎం గైడ్‌ల గ్రిట్టీ రియలిజం ఆప్షన్ ఉంది, షార్ట్ రెస్ట్ (చిన్న విశ్రాంతి) 8 గంటలు, లాంగ్ రెస్ట్ 7 రోజులు. ఓరుగల్లు నుంచి రామప్ప దాకా అడవుల పడి నడిచే కథకు ఇది బాగ సెట్ అయితది. కాని విజార్డ్ (మంత్రగాడు) స్పెల్ స్లాట్లు (ఎన్నిసార్లు మంత్రం ఏయొచ్చో ఆ లెక్క) కూడ ఎక్కువగ వారానికోసారే తిరిగొస్తయి, అది ఆడేటోళ్లను ముందే అడిగి ఒప్పించుకోండి.