రికార్డ్ బదులు ఆర్కైవ్ అని రాస్తే ఏమవుతుంది: రాసిపెట్టే, సర్దిపెట్టే ఇంగ్లిష్ మాటల్లో సమస్యలు, పరిష్కారాలు

ఆఫీసు పనికి ఇంగ్లిష్‌లో రిపోర్టులు, మెయిళ్లు రాసేవాళ్ల డ్రాఫ్టులు చాలా ఏళ్లుగా దిద్దుతున్నాను. వ్యాకరణం తప్పులు ఇప్పుడు బాగా తగ్గాయి, వాటిని సాఫ్ట్‌వేరే పట్టేస్తోంది. తగ్గనిది ఒకటుంది. రికార్డ్, రిజిస్టర్, లాగ్, ఎంటర్, నోట్, ఫైల్, ఆర్కైవ్, సార్ట్, క్లాసిఫై లాంటి మాటల్లో ఒకటి పడాల్సిన చోట ఇంకొకటి పడటం. 'రికార్డ్' ఒకే పేరాలో మూడుసార్లు వచ్చిందని పర్యాయపదం వెతుకుతారు. జాబితాలో కాస్త గంభీరంగా కనిపించినదాన్ని తెచ్చి పెట్టేస్తారు. తంటా అక్కడ మొదలవుతుంది.

ముందు ఈ ఒక్కటి చూడండి

పెట్టబోయే మాటను నిఘంటువులో తెరిచి, దాని కింద ఇచ్చిన ఉదాహరణ వాక్యాలు రెండు చదవండి. అర్థం చదివి ఆగిపోవద్దు, వాక్యాలు చదవండి. అర నిమిషం పట్టదు. ఎన్నిసార్లు చెప్పినా ఈ మెట్టు దాటేసి వస్తారు, తర్వాత అరగంట కూర్చుని దిద్దుకోవాల్సి వస్తుంది.

పర్యాయపదాల జాబితాను జనం అనుకునేంతగా నమ్మకూడదు. పీటర్ మార్క్ రోజె అనే వైద్యుడు 1852లో తన థెసారస్ (దగ్గరి అర్థాల మాటల్ని ఒకచోట చేర్చిన పుస్తకం) అచ్చువేసినప్పుడు మాటల్ని భావాలను బట్టి 1000 శీర్షికల కింద చేర్చాడు. చెప్పాలనుకున్న భావం మనసులో ఉండి మాట తట్టనివాళ్లకు ఆ చుట్టుపక్కల మాటలన్నీ చూపించడం దాని పని. ఒకచోట చేర్చినంత మాత్రాన ఒకదాని కుర్చీలో ఇంకొకటి కూర్చుంటుందని కాదు.

సమస్య: వాక్యం ఎక్కడో ఎబ్బెట్టుగా ఉంది

'ది నర్స్ రిజిస్టర్డ్ ది టెంపరేచర్ ఎవ్రీ అవర్.' ఇలాంటివి తరచూ చూస్తాను. కారణం మన 'నమోదు'. తెలుగులో పేరు నమోదు చేస్తాం, ఫిర్యాదు నమోదు చేస్తాం, ఉష్ణోగ్రత కూడా నమోదవుతుంది. ఈ ఒక్క మాట ఇంగ్లిష్‌లోకి వెళ్లేసరికి నాలుగైదుగా విడిపోతుంది. నర్సు చూసి చార్టులో రాస్తే అది రికార్డ్. పరికరం తనంతట తాను చూపిస్తే రిజిస్టర్: 'ది థర్మామీటర్ రిజిస్టర్డ్ 40 డిగ్రీస్' అనొచ్చు. పెళ్లి, పుట్టుక, వాహనం అధికారిక పుస్తకంలోకి ఎక్కినా రిజిస్టరే. కంప్యూటర్‌లో గడులు నింపితే ఎంటర్.

ఎప్పుడు ఏం జరిగిందో టైముతో సహా వరసగా రాసుకుంటూ పోతే లాగ్. లాగ్ అంటే దుంగ. ఓడ వేగం కొలవడానికి తాడు కట్టిన చెక్కముక్కను నీళ్లలోకి వదిలేవారు, ఆ లెక్కలు రాసిన పుస్తకం లాగ్‌బుక్ అయింది. ఎప్పుడు జరిగిందన్న వివరమే లేని జాబితాను లాగ్ అనకండి.

పరిష్కారం: ముందు తెలుగులో 'నమోదు' కొట్టేసి ఎవరు, దేన్ని, ఎక్కడ రాశారో విప్పి చెప్పుకోండి. 'నర్సు చూసి చార్టులో రాసింది' అనుకున్నాక రిజిస్టర్ వైపు చెయ్యి వెళ్లదు.

సమస్య: మాట సరైనదే, వెనకాల తోక తప్పు

మాట మార్చి దాని ప్రిపోజిషన్‌ని పాతదే ఉంచేస్తారు. కోర్సుకి 'రిజిస్టర్ ఫర్', అదే కోర్సులో 'ఎన్‌రోల్ ఇన్'. తేదీల వారీగా సర్దితే 'సార్ట్ బై డేట్', ఫలానా రకం అని తేలిస్తే 'క్లాసిఫై యాజ్'. ఉదాహరణ వాక్యాలు చదివినవాళ్లకు ఈ తప్పు రాదు కాబట్టి ఇక్కడ ఎక్కువ చెప్పను.

సమస్య: వాక్యంలో ఏ తప్పూ లేదు, కానీ పని ఆగిపోయింది

అసలు దొంగ ఇదే. నేను దెబ్బతిన్నదీ ఇక్కడే.

ఒక సంస్థలో పని చేస్తున్నప్పుడు, వేర్వేరు చోట్ల పడి ఉన్న వినియోగదారుల ఫిర్యాదులన్నీ ఏరి ఒక షీట్‌లో పెట్టాను. వాటికి జవాబులు ఇవ్వాల్సినవాళ్లకు మెయిల్ రాశాను: 'ఐ హావ్ ఆర్కైవ్డ్ ఆల్ ది కంప్లైంట్స్ ఇన్ ది షేర్డ్ ఫోల్డర్.' అంతకు ముందు వాక్యాల్లో రికార్డ్, సేవ్ రెండూ వాడేశాను, మళ్లీ అవే ఎందుకని ఆర్కైవ్ అన్నాను. అన్నీ భద్రంగా ఒకచోట ఉన్నాయి, ఇక చూడండి అని నా ఉద్దేశం. వాళ్లకు అర్థమైంది వేరు: ఆ ఫిర్యాదుల పని అయిపోయింది, పాతవాటిలోకి వెళ్లిపోయాయి అని. 9 రోజులు ఆ ఫోల్డర్ ఎవరూ తెరవలేదు. ఒకావిడ మళ్లీ ఫోన్ చేసి అడిగితేగానీ విషయం బయటపడలేదు. మెయిల్ తీసి చూస్తే స్పెల్లింగ్ సరిగ్గా ఉంది, వ్యాకరణం సరిగ్గా ఉంది. చదివినవాళ్ల తప్పు కూడా లేదు, ఆ మాటకున్న అర్థమే వాళ్లు తీసుకున్నారు.

ఎందుకిలా జరుగుతుందంటే, ఈ మాటలు చేసిన పనితో పాటు ఆ కాగితం ఇప్పుడు ఏ దశలో ఉందో కూడా చెబుతాయి. నోట్ చేసుకున్నది మన జ్ఞాపకానికి, అది ఇంకా మన దగ్గరే ఉంది. రికార్డ్ చేసింది రేపు ఇంకొకరికి ఆధారంగా పనికొస్తుంది. ఆర్కైవ్ చేసింది రోజువారీ పని నుంచి తప్పుకుంది, దాచి ఉంచడం కోసమే ఉంది.

వీటిలో ఫైల్ ఇంకా జాగ్రత్తగా వాడాల్సిన మాట. దాని మూలం లాటిన్‌లో దారం అనే మాట, పూర్వం కాగితాలను దారానికో తీగకో గుచ్చి ఉంచేవారు. గుచ్చాక అవసరం పడితేనే తీస్తారు. 'ఐ ఫైల్డ్ ది కంప్లైంట్' అని ఫిర్యాదుదారు అంటే దాఖలు చేశానని, పని అక్కడ మొదలైందని. అదే వాక్యం ఆఫీసులో గుమస్తా అంటే, చూడటం అయిపోయింది, తీసి దాని చోట పెట్టేశానని. ఒక్క అక్షరం మారకుండా ఒకటి మొదలు, ఒకటి ముగింపు. ఎవరు అంటున్నారో తెలియని రిపోర్టులో ఈ వాక్యం ఉంటే నేను వదలను, 'సబ్మిటెడ్' అనో 'పుట్ ఇన్ ది ఫైల్' అనో మార్పిస్తాను.

పరిష్కారం: పంపే ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఆ కాగితం ఇప్పుడు ఎక్కడుంది? దాన్ని తర్వాత ముట్టుకోవాల్సింది ఎవరు? ముట్టుకోవాల్సినవాళ్లు ఒక్కరున్నా ఆర్కైవ్ వద్దు, షెల్వ్ వద్దు. షెల్వ్ అంటే పుస్తకాన్ని అరలో పెట్టడం నిజమే, కానీ ఒక ప్రతిపాదనను షెల్వ్ చేశారంటే పక్కన పడేశారని. నా మెయిల్ ఇలా ఉండాల్సింది: 'ఐ హావ్ లిస్టెడ్ ఆల్ ది ఓపెన్ కంప్లైంట్స్ ఇన్ ది షేర్డ్ ఫోల్డర్. ప్లీజ్ రిప్లై టు ఈచ్ బై ఫ్రైడే.' ఇందులో 'ఓపెన్' అన్న చిన్న మాటే పని ఇంకా మిగిలుందని చెబుతోంది.

క్లాసిఫై కూడా ఈ కోవదే. 'దీజ్ ఆర్ క్లాసిఫైడ్ డాక్యుమెంట్స్' అంటే రకాల వారీగా విడదీసినవని ఎవరూ అనుకోరు, రహస్య పత్రాలనుకుంటారు. 'సార్టెడ్ బై సబ్జెక్ట్' అంటే గొడవ ఉండదు. అలాగని 'సార్టెడ్ అవుట్' అంటే మళ్లీ సమస్య తీరిపోయిందని అర్థం.

ఇంకో మాట, ఇది గట్టిగా చెబుతున్నాను: పని కోసం రాసేదాంట్లో ఒకే మాట మళ్లీ మళ్లీ రావడం తప్పు కాదు. స్కూల్లో వ్యాసం రాసేటప్పుడు పునరుక్తి వద్దని నేర్పారు, అది ఇక్కడ పనికిరాదు. మొదటి వాక్యంలో రికార్డ్ అని, రెండో వాక్యంలో లాగ్ అని రాస్తే, చదివేవాళ్లు ఇవి రెండు వేర్వేరు పనులనుకుంటారు, రెండో పుస్తకం ఎక్కడుందని వెతుకుతారు. పని ఒకటే అయితే మాట కూడా ఒకటే ఉంచండి.

అరుదుగా వచ్చేవి

'టేబుల్' అనే క్రియకు బ్రిటిష్ ఇంగ్లిష్‌లో చర్చకు పెట్టడమని, అమెరికన్ ఇంగ్లిష్‌లో చర్చ వాయిదా వేయడమని అర్థం. రెండో ప్రపంచ యుద్ధంలో రెండు దేశాల అధికారులు ఈ మాట మీద చాలాసేపు వాదించుకున్నారని చర్చిల్ రాశాడు. రెండు దేశాలవాళ్లూ చదివే కాగితమైతే ఆ మాట మానేయండి, సరిపోతుంది. కేటలాగ్ చివర అమెరికన్ స్పెల్లింగ్‌లో రెండు అక్షరాలు తగ్గుతాయి. ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా అదే వాడండి. 'రికార్డ్' పలికేటప్పుడు నామవాచకమైతే నొక్కు ముందు భాగం మీద, క్రియ అయితే వెనక భాగం మీద పడుతుంది. రాతలో దానితో పని లేదు.