పాత జీపు స్టార్ట్ అయి ఆగిపోతోందా? పంపు విప్పకముందు చూడాల్సినవి

ప్రభుత్వ శాఖల వేలంలో కొన్నదో, మామిడి తోటలో రేకుల షెడ్డు కింద ఏళ్ల తరబడి పడున్నదో, ఒక మహీంద్రా ఎంఎం 540ని బయటికి లాగిన కొత్తవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: "అంటుకుంటోంది, కాసేపు తిరిగి ఆగిపోతోంది. పంపు పోయిందా?" పంపు అంటే ఇంజన్‌లోకి డీజిల్ కొట్టే ఇంజెక్షన్ పంపు. అది చాలావరకు పోదు. కానీ ఆ మాట చెప్పేలోపే పంపు ఊడదీసి కాలిబ్రేషన్‌కి (సరిచూసి సెట్ చేయించడానికి) ఇచ్చేసి ఉంటారు. ఇక్కడ రాసేదంతా డీజిల్ ఇంజన్ గురించే. ఆయిల్, కూలెంట్, ఫిల్టర్లు మార్చేశారనే అనుకుంటున్నాను.

సెల్ఫ్ ఈడుస్తోంది

కొత్త బ్యాటరీ కొనకముందు ఎర్త్ (బ్యాటరీ మైనస్ చాసిస్‌కి, ఇంజన్‌కి కలిసే దారి) చూడండి. ఇంజన్ కూర్చునేది రబ్బరు మౌంటింగుల మీద. కాబట్టి ఇంజన్ నుంచి చాసిస్‌కి పట్టీ ఉండాల్సిందే. పాత బండ్లలో అది తుప్పు పట్టి ఉంటుంది, లేదా ఎవరో విప్పి మళ్లీ బిగించి ఉండరు. జంపర్ కేబుల్ ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, రెండోది నేరుగా ఇంజన్ బ్లాక్‌కి పెట్టి సెల్ఫ్ కొట్టండి. జోరుగా తిరిగిందా, లోపం ఎర్త్‌లోనే. పెయింటు, తుప్పు గీకి ఇనుము మెరిసేదాకా శుభ్రం చేసి బిగించండి. అప్పటికీ ఈడుస్తూ, సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ 9.6 వోల్టుల కిందికి పడుతుంటే అప్పుడు బ్యాటరీ సంగతి చూడండి.

సెల్ఫ్ బాగానే ఉంది, అంటుకోవడం లేదు

సైలెన్సర్ వైపు చూడండి. పొగే రాకపోతే డీజిల్ ఇంజన్‌లోకి వెళ్లడం లేదు. అప్పుడు చూడాల్సింది స్టాప్ కేబుల్. డాష్‌బోర్డు మీద నాబ్ లోపలికి నొక్కినట్టే ఉంటుంది కానీ, తుప్పు పట్టిన కేబుల్ పంపు దగ్గర లివర్‌ని సగం లాగి పట్టుకుని ఉంటుంది. బానెట్ ఎత్తి ఆ లివర్‌ని చేత్తో కదిపి చూడండి. అర నిమిషం పని. దీన్ని చూడకుండా నాజిళ్లు (ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మేవి) విప్పేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది.

తెల్ల పొగ వస్తూ అంటుకోకపోతే హీటర్ ప్లగ్గులు (స్టార్ట్ అయ్యేందుకు ఇంజన్‌ని లోపల వేడి చేసేవి) చూడండి. ఇది 2112 సీసీ పూజో ఇంజన్‌కే. 2523 సీసీ డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్) ఇంజన్‌కి హీటర్ ప్లగ్గులు ఉండవు, వెతకొద్దు. ఒక్కో ప్లగ్గు వైరు విప్పి, బ్యాటరీ ప్లస్ నుంచి టెస్ట్ లైటు ఆనించండి. లైటు వెలగని ప్లగ్గు పోయినట్టే.

అంటుకుంటుంది, కాసేపటికి ఆగిపోతుంది

అసలు తలనొప్పి ఇదే. ముందు ట్యాంకు మూత వదులు చేసి నడపండి. మూత రంధ్రం మట్టితో మూసుకుపోతే ట్యాంకులోకి గాలి వెళ్లదు, కొంతసేపటికి డీజిల్ రావడం ఆగిపోతుంది. మూత తీయగానే "స్" అని శబ్దం వస్తే దొంగ దొరికినట్టే.

అది కాకపోతే నూటికి ఎనభై పాళ్లు ఎయిర్ పడుతోంది, అంటే డీజిల్ లైనులోకి గాలి చేరుతోంది. ఎయిర్ తీస్తే (ఆ గాలిని బయటికి పంపితే) బండి నడుస్తుంది, తెల్లారేసరికి మళ్లీ మామూలే. ఎక్కడా డీజిల్ చుక్క కారదు కాబట్టి లీకు లేదని అందరూ తీర్మానించేస్తారు. కానీ ట్యాంకు నుంచి ఫీడ్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ లాగి ఇంజెక్షన్ పంపు వైపు పంపేది) దాకా ఉన్న లైను పీల్చే లైను. అక్కడ చిల్లు పడితే డీజిల్ బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది. చిల్లున్న స్ట్రాతో కొబ్బరి బొండాం తాగినట్టే. ఫీడ్ పంపు దాటాక లైనులో ఒత్తిడి ఉంటుంది, అక్కడి లీకు తడిగా కంటికి కనిపిస్తుంది.

పరీక్ష సులువు. ఫీడ్ పంపుకి వచ్చే పైపు విప్పి, అక్కడ పారదర్శకమైన ప్లాస్టిక్ ట్యూబు పెట్టి, దాని రెండో కొస శుభ్రమైన డీజిల్ ఉన్న క్యానులో ముంచండి. ఎయిర్ తీసి స్టార్ట్ చేయండి. బండి అరగంట ఆగకుండా తిరిగితే పంపూ నాజిళ్లూ నిర్దోషులు, తప్పు ట్యాంకు వైపు లైనులో ఉంది. ట్యూబులో బుడగలు లేకున్నా బండి ఆగుతుంటే అదే ట్యూబుని ఫీడ్ పంపుకీ ఫిల్టర్‌కీ మధ్య పెట్టి రేజ్ చేయండి. బుడగలు వరసగా పరిగెడితే ఫీడ్ పంపు, లేదా దాని మీదున్న చేతి ప్రైమర్ (చేత్తో డీజిల్ కొట్టే చిన్న పంపు) సీలు.

ట్యాంకు వైపైతే రబ్బరు హోసులు చూడండి. క్లిప్పు కింద చీలిక పైకి కనిపించదు, క్లిప్పు విప్పి వంచితేనే నోరు తెరుస్తుంది. నీళ్ల పైపు ముక్కలు వేయొద్దు, డీజిల్‌కి ఉబ్బి మెత్తబడతాయి. బాంజో బోల్టుకి (డీజిల్ పైపుని బిగించే, లోపల రంధ్రమున్న బోల్టు) రెండు వైపులా కొత్త రాగి వాషర్లు వేయండి. టెఫ్లాన్ టేపు చుట్టొద్దు, దాని పోగులు పంపులోకి పోతాయి.

ఇవన్నీ బాగుండి, ట్యాంకు నిండుగా ఉంటే బండి నడిచి, సగానికి వస్తే ఆగిపోతుంటే ట్యాంకులోపలి పైపు మీద అనుమానం పెట్టుకోండి. డీజిల్ ఉపరితలం ఏళ్ల తరబడి నిలిచిన చోట పైపు తుప్పు తిని సూది మొన అంత చిల్లు పడుతుంది. డీజిల్ ఆ చిల్లు పైన ఉన్నంతసేపు ఏమీ తెలియదు. మట్టం దిగగానే గాలి పీలుస్తుంది. వాళ్లూ వీళ్లూ పంపుకి రెండుసార్లు డబ్బు తగలేసేది దీని వల్లే. పైపు బయటికి తీసి, ఒక కొస వేలితో మూసి, నీళ్లలో ముంచి రెండో కొస నుంచి ఊదండి. బుడగ వచ్చిన చోటే చిల్లు. బాగు చేయడం కన్నా కొత్త పైపు వేయించుకోవడం మేలు. ట్యాంకుని మాత్రం వెల్డింగ్‌కి దగ్గరగా తీసుకెళ్లకండి, ఖాళీ ట్యాంకులోని ఆవిరి పేలుతుంది.

మిగతావి

పంపు అరిగిపోవడం ఉండదని కాదు. వేడి మీద ఆపితే మళ్లీ అంటుకోకపోవడం, తడి గుడ్డ వేస్తే అంటుకోవడం దాని లక్షణం. తరచుగా రాదు. హెడ్ గ్యాస్కెట్ పోతే రేడియేటర్‌లో బుడగలు చెప్తాయి. నల్ల పొగకి ముందు ఎయిర్ ఫిల్టర్ చూడండి.

ఇంజన్ నిలబడ్డాక ఫోర్ వీల్ వేసి తారు రోడ్డు మీద తిప్పి చూస్తారు, లివర్ బిగుసుకుపోతుంది. సుత్తి తీయకండి. ముందు, వెనక చక్రాల మధ్య లాగుడు పట్టేసింది, అంతే. నాలుగు గజాలు రివర్స్ చేస్తే వదులుతుంది. రోజూ ఇలాగే అవుతుంటే నాలుగు టైర్లూ ఒకే సైజువో కాదో టేపుతో కొలవండి.