ఈస్ట్రోజన్ పరీక్ష రాశారా? ల్యాబ్‌కు పోయే ముందు ఇవి చూసుకోండి

ఈస్ట్రోజన్ రిపోర్టులో ‘ఎస్ట్రాడయోల్ 38’ అని ఉంది. ఎక్కువా, తక్కువా? రక్తం ఇచ్చింది నెలసరి ఎన్నో రోజునో తెలియకుండా ఏ డాక్టరూ జవాబు చెప్పలేరు. రెండో రోజైతే మామూలే. అండం విడుదలయ్యే ముందు రోజైతే బాగా తక్కువ. నెలసరి ఆగి ఐదేళ్లయిన ఆమెకైతే కాస్త ఎక్కువే. అందుకే నల్లగొండలో చేయించుకున్నా, మహబూబ్‌నగర్‌లో చేయించుకున్నా, సూది గుచ్చకముందు చేసే పనులే ఈ పరీక్షకు ముఖ్యం.

ఈస్ట్రోజన్ అంటే ఒక్కటి కాదు, ప్రధానంగా మూడు. నెలసరి వచ్చే వయసులో అండాశయాలు చేసేది ఎస్ట్రాడయోల్. ముట్టుడిగాక ఎక్కువగా కొవ్వు కణాల్లో తయారయ్యేది ఎస్ట్రోన్. గర్భంతో ఉన్నప్పుడు మాయ నుంచి వచ్చేది ఎస్ట్రియోల్. మామూలుగా డాక్టర్లు రాసేది ఎస్ట్రాడయోల్ పరీక్షే, చీటీ మీద ‘ఈ2’ అని ఉంటుంది.

అసలు పరీక్ష కావాలా?

45 దాటి, డేట్లు అటూ ఇటూ అయి, ఒంట్లో సెగలు, రాత్రిళ్లు చెమటలు ఉంటే చాలావరకు ఈ పరీక్ష అక్కర్లేదు. ఆ వయసులో హార్మోను ఈ వారం ఒకలా, వచ్చే వారం ఇంకోలా ఉంటుంది. ఒక్క రోజు అంకెతో తేలేదేం లేదు. వరుసగా 12 నెలలు నెలసరి రాకపోతే అదే మెనోపాజ్. మన దేశంలో సగటున 46 ఏళ్లకే వస్తుంది. ఈ పరీక్షకు బదులు థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగర్ చూపించుకోండి. నీరసానికీ గుండెదడకీ ఇవి కూడా కారణమవుతాయి. మర్రిగూడ, మునుగోడు వైపు కీళ్ల నొప్పులంటే ముందు ఫ్లోరైడ్ నీళ్లనే అనుమానిస్తారు. సహజమే, కానీ ఈస్ట్రోజన్ తగ్గినా కీళ్లు పట్టేస్తాయి. ఈ మాట కూడా డాక్టరు చెవిన వేయండి.

40 లోపే మూడు నాలుగు నెలలుగా డేట్ రాకపోతే మాత్రం పరీక్ష తప్పదు. ముందు గర్భం ఉందేమో చూసుకోండి. పిల్లల కోసం చూస్తున్నవాళ్లకూ, 15 ఏళ్లు నిండినా పెద్దమనిషి కాని ఆడపిల్లలకూ డాక్టర్లు ఇది రాస్తారు.

తేదీ రాసుకోండి

చుక్క కనబడిన రోజు కాదు, నిండుగా బ్లీడింగ్ మొదలైన రోజే ఒకటో రోజు. గోడ మీది క్యాలెండర్‌లో గుర్తు పెట్టండి. మామూలుగా రక్తం ఇవ్వాల్సింది 2 నుంచి 4వ రోజు మధ్య, ఎఫ్‌ఎస్‌హెచ్‌తో (అండాశయాల చేత పని చేయించే హార్మోన్) కలిపి. ఈ రెండూ జంటగా చూడాల్సినవి. ఈస్ట్రోజన్ తగ్గితే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్ పెంచుతుంది. రెండో రోజే ఈస్ట్రోజన్ ఎక్కువగా ఉంటే ఎఫ్‌ఎస్‌హెచ్ అణిగిపోయి, అంతా బాగున్నట్టు కనబడుతుంది. ఒక్కటే చేయిస్తే ఈ మోసం బయటపడదు.

అండం విడుదలయ్యాక పెరిగే ప్రొజెస్టెరాన్ హార్మోన్ పరీక్ష కూడా రాస్తే దానికి వేరే రోజు పోవాలి, వచ్చే డేట్‌కు వారం ముందు. 28 రోజులకు వచ్చేవాళ్లకు 21వ రోజు, 35 రోజులకు వచ్చేవాళ్లకు 28వ రోజు. అండాల నిల్వ ఎంతుందో చెప్పే ఏఎంహెచ్ పరీక్షకు రోజుతో పనిలేదు.

చెర్వుగట్టు జాతరో, కురుమూర్తి జాతరో, ఇంట్లో పెళ్లో ఉందని డేట్ వాయిదా గోళీలు వేసుకున్నారా? వాటిని ఆపాక వచ్చే బ్లీడింగ్‌ను లెక్కలోకి తీసుకోవద్దు. ఆ నెల వదిలేసి తర్వాతి నెల ఇవ్వడం మేలు. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే అదీ చెప్పండి. జుట్టు రాలుతోందని వేసుకునే బయోటిన్ గోళీలు కొన్ని ల్యాబ్ యంత్రాల లెక్కను తప్పిస్తాయి. డాక్టర్‌ను అడిగి కనీసం రెండు రోజుల ముందు ఆపండి.

ఈ పరీక్షకు పరగడుపు అక్కర్లేదు. దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో ఆకలితో బస్సెక్కి రావద్దు. షుగర్ కూడా రాస్తేనే ఆ నియమం.

ఎక్కడ?

‘ఆరోగ్య మహిళ’ పేరుతో 2023 మార్చి 8న తెలంగాణ ప్రభుత్వం మంగళవారం క్లినిక్‌లు మొదలుపెట్టింది. హార్మోన్, మెనోపాజ్ సమస్యలు కూడా వాటిలో చూడాలని పెట్టారు. మీ దగ్గరి పీహెచ్‌సీలో నడుస్తోందా, ఏ పరీక్షలు ఉన్నాయి అని ఆశా కార్యకర్తను అడగండి. ప్రైవేటులో ‘ఫుల్ హార్మోన్ ప్యాకేజీ’ అంటే తొందరపడొద్దు. చీటీలో రాసినవే చేయించండి.

గర్భసంచి తీసేసినవాళ్లు

మన దగ్గర చిన్న వయసులోనే గర్భసంచి ఆపరేషన్ అయినవాళ్లు ఎందరో. వాళ్లకు 12 నెలల లెక్క పనికిరాదు, నెలసరే ఉండదు కదా. తీసింది గర్భసంచి ఒక్కటేనా, అండాశయాలు కూడానా? చాలామందికి తెలియదు. ఎవరూ చెప్పలేదు కూడా. డిశ్చార్జి కాగితం వెతకండి, దొరక్కపోతే అల్ట్రాసౌండ్‌లో చాలావరకు తెలుస్తుంది. రెండు అండాశయాలూ తీసేస్తే ఈస్ట్రోజన్ కొన్ని రోజుల్లోనే పడిపోతుంది. 45 లోపు అలా జరిగితే ఎముకలు, గుండె కోసం హార్మోన్ చికిత్స అవసరమా అని డాక్టర్‌ను తప్పక అడగాలి. అండాశయాలు ఉంచితే అవి పనిచేస్తూనే ఉంటాయి, కాకపోతే కొందరిలో ముందే అలసిపోతాయి. 40 లోపు సెగలు మొదలైతే ఎఫ్‌ఎస్‌హెచ్, ఎస్ట్రాడయోల్ చూడటం ఇక్కడ నిజంగా అక్కరకొస్తుంది.

రిపోర్టు చూసేటప్పుడు

అంకె పక్కన ప్రమాణం చూడండి. ఒక పికోగ్రామ్/మి.లీ. అంటే సుమారు 3.67 పికోమోల్/లీ. కాబట్టి రెండు ల్యాబ్‌ల అంకెలు నేరుగా పోల్చొద్దు. పికోగ్రాముల్లో ఉజ్జాయింపుగా, మొదటి రోజుల్లో 20 నుంచి 80, అండం విడుదలకు ముందు 200 నుంచి 400, ముట్టుడిగాక 30 కన్నా తక్కువ. ల్యాబ్ వేసిన హద్దులే చివరి మాట. డాక్టరు దగ్గరికి రిపోర్టుతో పాటు క్యాలెండర్‌లో గుర్తు పెట్టిన నెలసరి తేదీ, వాడుతున్న మందుల పేర్లు తీసుకెళ్లండి.

ముట్టుడిగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనబడినా హార్మోన్ పరీక్ష కోసం ఆగొద్దు. అదే వారంలో గైనకాలజిస్టుకు చూపించుకోండి, స్కానింగ్ చేయిస్తారు.