ఇంటి ట్రాక్ మీద రేసు కారు – 3వ పాఠం: చాసీ ఎంపిక, ముందుగా మార్చాల్సినవి

గత పాఠంలో హాల్లో ట్రాక్‌కి చోటు కుదుర్చుకున్నాం, మలుపుల దగ్గర చెక్క పట్టీలు పేర్చుకున్నాం. ఇప్పుడు ఆ ట్రాక్ మీద నడిపే రిమోట్ కారు కొందాం.

ఇంట్లో నడిపే సైజులో నిజంగా రేసుకు పనికొచ్చే రిమోట్ కారు అనగానే నాకు ముందు గుర్తొచ్చేది జపాన్ కంపెనీ క్యోషో 1999లో తెచ్చిన మినీ-జడ్. అసలు కారులో 28వ వంతు ఉంటుంది. అంటే రోడ్డు మీద నాలుగున్నర మీటర్లుండే కారు ఇక్కడ 16 సెంటీమీటర్లకు వస్తుంది. నాలుగు ట్రిపుల్-ఏ సెల్స్ వేస్తే నడుస్తుంది. చూడటానికి షోకేసులో పెట్టుకునే బొమ్మలా ఉన్నా బాడీ తీసి చూస్తే లోపల డిఫరెన్షియల్ (మలుపులో రెండు వెనక చక్రాలూ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే భాగం), ముందు చక్రాలకు సస్పెన్షన్, వెనక విడిగా ఊడొచ్చే మోటారు పాడ్, అంటే మోటారును పట్టి ఉంచే అర ఉంటాయి. దాదాపు ప్రతి ముక్కా విప్పి మార్చుకోవచ్చు. చాసీ, అంటే బాడీ కింద అన్నీ బిగించి ఉండే చట్రం, దాని సంగతులు నేర్చుకోవాలంటే ఇంతకన్నా మంచి బండి నాకు తెలియదు. అందుకే ఈ పాఠాలన్నీ దీని మీదే చెబుతున్నాను.

ఇందులో ముఖ్యంగా రెండు కుటుంబాలున్నాయి. ఎంఆర్ అని మొదలయ్యేవి వెనక చక్రాలతో నడుస్తాయి, ఎంఏ అని మొదలయ్యేవి దాదాపు అన్నీ నాలుగు చక్రాలతో. ఎంఏ కొత్తవాళ్ళ తప్పులు కాస్తుంది. మలుపులో యాక్సిలరేటర్ ఎక్కువ నొక్కినా ముందు చక్రాలు కూడా లాగుతాయి కాబట్టి కారు గిరగిరా తిరక్కుండా బయటపడుతుంది. అయినా నా సలహా ఎంఆర్-03. వేలు ఎంత నొక్కితే వెనక భాగం ఎంత జారుతుందో ఈ బండి దాచకుండా చూపిస్తుంది. రెండు వారాలు ఓపిక పడితే ఆ కొలత మీ వేలికి పట్టుబడుతుంది. అదొకసారి వచ్చాక ఏ కారైనా నడపగలరు.

తర్వాత తేల్చుకోవాల్సింది మోటారు ఎక్కడుండాలనేది. ఆర్‌ఎం రకంలో మోటారు వెనక ఇరుసుకు అవతల ఉంటుంది, ఎంఎం రకంలో ఇరుసుకు ఇవతల, ముందు వెనక చక్రాల మధ్యన. ఆర్‌ఎంలో బరువంతా వెనక చక్రాల మీద పడుతుంది కాబట్టి మలుపు దాటి ముందుకు లాగేటప్పుడు పట్టు బాగుంటుంది. కానీ ఆ బరువే మలుపులో గడియారం లోలకంలా ఊగి, ఒకసారి జారడం మొదలైతే ఆపడం కష్టమవుతుంది. ఎంఎం అంత తొందరపడదు. నున్నటి విట్రిఫైడ్ టైల్స్ మీద నడిపితే ఆర్‌ఎం, గ్రిప్ ఎక్కువుండే ఫోమ్ పలకల ట్రాక్ అయితే ఎంఎం తీసుకోండి.

ముందు వెనక చక్రాల మధ్య దూరం, అంటే వీల్‌బేస్, బాడీని బట్టి మారుతుంది. 86, 90, 94, 98 మిల్లీమీటర్లు మామూలుగా దొరికే కొలతలు. ముచ్చటపడి ముందు బాడీ కొనేస్తే చాసీ దానికి లొంగాల్సి వస్తుంది. ముందు చాసీ తేల్చుకుని, దానికి సరిపోయే బాడీల్లో మనసుకు నచ్చింది ఎంచుకోండి. మొదటి కారుకి పొడవైన వీల్‌బేస్ మంచిది, అది సూటిగా, నిదానంగా నడుస్తుంది.

ఇక మార్పులు. నేను మొదట కొన్నది వేగమైన మోటారు. కారుతో వచ్చిన టైర్లతో, మామూలు సెల్స్‌తో దాన్ని బిగించి నడిపాను. పది నిమిషాల్లో ప్రతి మలుపులోనూ కారు గిరగిరా తిరిగింది, సాయంత్రానికి స్పర్ గేర్ (వెనక ఇరుసు మీదుండే పెద్ద గేరు) పళ్ళు అరిగిపోయాయి. మీ డబ్బు అలా పోకూడదు. కారు వేగం నేలను పట్టుకునే చోట, అంటే టైర్ల దగ్గర మొదలవుతుంది. అక్కణ్నుంచి పైకి రండి, మోటారు వరుసలో చివరిది.

సెల్స్ సంగతి చప్పున ముగిద్దాం. ఆల్కలైన్ సెల్ మీద 1.5 వోల్టులని, రీచార్జబుల్ నికెల్ సెల్ మీద 1.2 అని ఉంటుంది. అంకె చూసి మోసపోకండి. యాక్సిలరేటర్ నొక్కగానే మోటారు ఒక్కసారిగా కరెంటు లాగుతుంది. ఆల్కలైన్ లోపలి నిరోధం ఎక్కువ కాబట్టి అప్పుడు దాని వోల్టేజీ పడిపోతుంది, నికెల్ సెల్ నిలబడుతుంది. ఎనిమిది రీచార్జబుల్ సెల్స్ కొని, నాలుగేసి చొప్పున రెండు సెట్లుగా విడదీసి గుర్తు పెట్టుకోండి. ఒక సెట్టులోవి ఇంకో సెట్టులో కలపకండి.

టైర్ల మీద 20, 30, 40 అని అంకెలుంటాయి. అంకె తగ్గేకొద్దీ రబ్బరు మెత్తగా ఉంటుంది. వెనక మెత్తవి, ముందు గట్టివి వేయాలి. ముందు కూడా మెత్తవి వేస్తే స్టీరింగ్ పదునెక్కి, వెనక భాగం తట్టుకోలేక జారుతుంది. ఫోమ్ ట్రాక్ మీదైతే ఏకంగా పల్టీ కొడుతుంది. వెనక 20, ముందు 40తో మొదలుపెట్టండి. రిమ్‌కీ టైరుకీ మధ్య సన్నటి డబుల్ సైడ్ టేపు వేయడం మరిచిపోవద్దు, లేకపోతే మలుపులో టైరు రిమ్ మీదే జారుతుంది. ఇంకొకటి, మన ఇళ్ళలో రోజూ ఊడ్చినా టైల్స్ మీద సన్నటి దుమ్ము ఉంటుంది. ఐదు రౌండ్లు తిప్పి వెనక టైరును వేలితో తడిమి చూడండి, పిండి రాసినట్టు తెల్లగా అంటుతుంది. అంత దుమ్ముంటే ఎంత ఖరీదైన టైరైనా పట్టదు. నేలని తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి, టైర్లను ప్యాకింగ్ టేపు జిగురు వైపు మీద ఒకసారి దొర్లించండి. నా ట్రాక్ మీద ఈ ఒక్క పనితో వచ్చినంత తేడా కొన్న ఏ పార్టుతోనూ రాలేదు.

టైర్ల తర్వాత టీ-ప్లేటు. పేరుకు తగ్గట్టే టీ అక్షరం ఆకారంలో ఉండే పలుచటి పలక. ముందు చాసీకీ వెనక మోటారు పాడ్‌కీ మధ్య వంతెన ఇదే. అది వంగుతూ, మెలితిరుగుతూ వెనక చక్రాలకు స్ప్రింగులా పనిచేస్తుంది. మెత్తటి ప్లేటైతే వెనక పట్టు ఎక్కువ, స్పందన నిదానం. ఫైబర్‌గ్లాస్, కార్బన్ ప్లేట్లు గట్టివి, కారు చటుక్కున తిరుగుతుంది కానీ నున్నటి నేల మీద వెనక భాగం త్వరగా జారుతుంది. టైల్స్ మీద నడిపేవాళ్ళు కారుతో వచ్చిన ప్లాస్టిక్ ప్లేటునే ఉంచుకోండి. కార్బన్ చూడటానికి బాగుంటుందని కొనకండి.

ప్లేటు మెలిపడిందో లేదో చూసే పద్ధతి ఇది. సెల్స్ వేసి, బాడీ తీసిన కారును అద్దం ముక్క మీద పెట్టండి. చాకు మొనను ముందు బంపరు కింద సరిగ్గా మధ్యలో ఆనించి మెల్లగా పైకెత్తండి. రెండు ముందు చక్రాలూ ఒకేసారి అద్దాన్ని వదలాలి. ఒకటి ముందు లేచి రెండోది ఇంకా ఆనే ఉంటే చాసీ మెలిపడి ఉంది. ఆ కారు ఎడమకు ఒకలా, కుడికి ఒకలా తిరుగుతుంది. ప్లేటు స్క్రూలు వదులు చేసి, పాడ్‌ను చదునుగా కూర్చోబెట్టి, ఒక్కో స్క్రూని కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించండి. ప్లాస్టిక్‌లో దిగే స్క్రూ బిగుసుకున్నట్టు తెలియగానే ఆపేయాలి, ఇంకో పావు చుట్టు తిప్పితే మర పోతుంది.

చక్రాల దగ్గర బేరింగుల బదులు ప్లాస్టిక్ బుష్‌లు (గోళీలు లేని ఉత్త రింగులు) వచ్చి ఉంటే బాల్ బేరింగులు వేయండి, ఖర్చు తక్కువ. పినియన్, అంటే మోటారుకుండే చిన్న గేరు కూడా ఇప్పుడే మార్చకండి. 8 పళ్ళ నుంచి 9కి వెళ్తే గేరింగ్ 12.5 శాతం పెరుగుతుంది, మోటారు మీద భారం, వేడి కూడా దాంతోపాటే పెరుగుతాయి.

ఈ వారం అభ్యాసం: కారు వచ్చినట్టే ఉంచి, నిండా చార్జ్ చేసిన సెల్స్‌తో పది రౌండ్ల సమయం ఫోన్ స్టాప్‌వాచ్‌తో నోటుబుక్కులో రాయండి. తర్వాత నేల, టైర్లు తుడిచి మళ్ళీ పది. తర్వాత టైర్లు మార్చి ఇంకో పది. ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి. వచ్చే పాఠంలో బాల్ డిఫరెన్షియల్ విప్పుదాం. ఒక చిన్న తెల్ల ప్లేటు, దూది చుట్టిన ఇయర్ బడ్స్ దగ్గర పెట్టుకోండి. లోపలి గోళీలు ఆవగింజంత ఉంటాయి, నేల మీద పడితే దొరకవు.