కొత్త జీవో, కోర్టు తీర్పు నిజంగా అమల్లో ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

విశాఖలో చిన్న వ్యాపారుల లెక్కలు చూడటం నా పని. పూర్ణా మార్కెట్ నుంచి గాజువాక దాకా ఏ షాపుకి వెళ్లినా ఒకటే ప్రశ్న: "రూలు మారిందట కదండీ?" వాట్సాప్‌లో వచ్చిందాన్ని నమ్మి బిల్లు రేటు మార్చేసినవాళ్లను, ఇంటి ప్లాను తిరగ గీయించినవాళ్లను చూస్తూనే ఉన్నాను. ఆ నష్టం అనవసరం. వారానికి ఒక గంట కూర్చుంటే ఎవరైనా సొంతంగా తేల్చుకోవచ్చు.

కావలసినవి ఫోను, ఒక లాంగ్ నోట్‌బుక్, రెండు రంగుల పెన్నులు. నోట్‌బుక్కే ఉండాలి, ఫోన్లో రాసుకుంటే కుదరదు. కూర్చునేది సోమవారం పొద్దున, షాపు తీయకముందే.

ముందు మీకు పనికొచ్చే శాఖలు ఎంచుకోండి. నాలుగు దాటొద్దు. కిరాణా షాపుకి జీఎస్టీ, తూనికలు కొలతలు, ఆహార భద్రత, కార్మిక శాఖ చాలు. ఇల్లు కట్టేవాళ్లకి మున్సిపల్ శాఖ, రెవెన్యూ, రిజిస్ట్రేషన్లు. స్థలం భీమిలి వైపు సముద్రానికి దగ్గరగా ఉంటే సీఆర్‌జెడ్ (తీర ప్రాంత కట్టడాల మీద ఆంక్షలు) కూడా.

తర్వాత అసలు కాగితం వెతకండి. రాష్ట్ర ఉత్తర్వులు జీవోఐఆర్ (ప్రభుత్వం జీవోలు పెట్టే) సైటులో, కేంద్రానివి ఈ-గెజిట్‌లో, జీఎస్టీ నోటిఫికేషన్లు సీబీఐసీ (కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు) సైటులో దొరుకుతాయి. 2021 ఆగస్టులో రాష్ట్రంలో జీవోలు సైటులో పెట్టడం ఆపేశారు, 2024 ఆగస్టులో మళ్లీ మొదలుపెట్టారు. ఆ మధ్య కాలానివైతే రాష్ట్ర గెజిట్ కూడా చూడాలి. జీవో నంబరు ఒక్కటే రాసుకుంటే ఉపయోగం లేదు, ప్రతి శాఖకీ ఏటా మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. ఇళ్ల ప్లాన్ల దగ్గర భవన నిర్మాణ నియమాల జీవోని అందరూ "119 జీవో" అంటారు. రాసుకోవాల్సింది "మున్సిపల్ శాఖ, జీవో ఎంఎస్ నం. 119, తేదీ 28-03-2017" అని. దాని మీద తర్వాత వచ్చిన సవరణలు దాని కిందే రాయాలి.

కోర్టు కేసులకు ఈ-కోర్ట్స్ యాప్ ఉంది. ప్రతి కేసుకీ ఇచ్చే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు ఉంటే వెంటనే వస్తుంది, లేకపోతే పార్టీ పేరుతో వెతకండి. సుప్రీంకోర్టు తీర్పులు దాని సొంత తీర్పుల సైటు ఈ-ఎస్‌సీఆర్‌లో ఉచితం, కొన్నిటికి తెలుగు అనువాదం కూడా ఉంటుంది.

ఇంతవరకూ అందరూ చేస్తారు. ఇక్కడి నుంచే దారి తప్పుతారు. కాగితం దొరికింది కదా, మరి అది ఈరోజు అమల్లో ఉందా?

కేంద్ర, రాష్ట్ర మంత్రులుండే జీఎస్టీ కౌన్సిల్ 2025 సెప్టెంబరు 3న రేట్లు తగ్గించాలని నిర్ణయించింది. మర్నాడు పేపర్లన్నీ అదే. కానీ కౌన్సిల్ చేసేది సిఫారసు. అది ప్రభుత్వాలకు తప్పనిసరి కాదని 2022 మేలో మోహిత్ మినరల్స్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. కొత్త రేట్ల నోటిఫికేషన్ సెప్టెంబరు 17న వచ్చింది, అమలు 22 నుంచి. పాన్ మసాలాకి, సిగరెట్లకి ఆ రోజు కూడా పాత రేటే. అందుకే ఏ కాగితమైనా "ఏ తేదీ నుంచి", "దేనికి మినహా" అన్న రెండు వాక్యాలు దొరికేదాకా చదవాలి.

చట్టం పాసైనా అంతే. కార్మిక కోడ్‌లు 2019, 2020 నాటివి, అమల్లోకి వచ్చింది 2025 నవంబరు 21న. ఐపీసీ స్థానంలో తెచ్చిన భారతీయ న్యాయ సంహిత 2024 జులై 1న అమల్లోకి వచ్చింది కానీ, హిట్ అండ్ రన్ గురించిన 106(2) సెక్షన్‌ను ఆ రోజు పక్కన పెట్టారు. ఇక "ముసాయిదా" అన్న మాట కనిపిస్తే అది ఇంకా రూలు కానే కాదు, అభ్యంతరాలు అడుగుతున్నారని అర్థం.

కోర్టు కాగితంలో ఇంకా జాగ్రత్త కావాలి. ముందు చివరి పేజీ చదవండి. "హైకోర్టు ఆదేశం" అని పేపర్లో వచ్చినవాటిలో చాలావాటికి చివర ఉండేది "పిటిషనరు అర్జీని ఇన్ని వారాల్లో పరిశీలించండి" అనే. అక్కడ ఎవరూ గెలవలేదు, ఏ రూలూ మారలేదు. విచారణలో జడ్జి అన్న మాట ఉత్తర్వు కాదు. మధ్యంతర స్టే తుది తీర్పు కాదు. కారణాలు చెప్పకుండా సుప్రీంకోర్టు ఎస్‌ఎల్‌పీని (అప్పీలుకు అనుమతి కోరే అర్జీని) కొట్టేస్తే, కింది తీర్పు సరైనదని ముద్ర వేసినట్టు కాదు. బొంబాయి హైకోర్టు తీర్పును ఇక్కడి అధికారికి చూపించి వాదించొచ్చు గానీ, ఆయన దానికి కట్టుబడాలని పట్టుబట్టలేరు.

పైగా తీర్పులూ, చట్టాలూ పోతాయి. స్టే ఆరు నెలలకు దానంతటదే పోతుందని ఇప్పటికీ ధీమాగా చెప్పేవాళ్లున్నారు. అది 2018 నాటి సుప్రీంకోర్టు తీర్పులోని మాట. 2024 ఫిబ్రవరి 29న ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం దాన్ని తోసిపుచ్చింది. 2023 అక్టోబరు 31న అమల్లోకి వచ్చిన రాష్ట్ర ల్యాండ్ టైట్లింగ్ (భూమి హక్కుల నమోదు) చట్టాన్ని 2024లో రద్దు చేశారు. అయినా దాని గురించిన హెచ్చరికలు నా ఫోనుకి వస్తూనే ఉంటాయి.

నోట్‌బుక్ కావాలనేది ఇందుకే. యాప్‌లో అలర్ట్ పెట్టుకున్నాం, ఆడిటర్ల గ్రూపులో ఉన్నాం అంటారు. అలర్ట్ కొత్తగా వచ్చింది చెబుతుంది. మీరు నమ్ముకున్న పాతది పోయిందని చెప్పదు. నోట్‌బుక్‌లో ఎడమ పేజీలో రూలు, తేదీ, అమలు తేదీ నల్ల సిరాతో రాయండి. కుడి పేజీ ఖాళీగా వదలండి. సవరణ, స్టే, రద్దు ఏది వచ్చినా అక్కడ ఎర్ర సిరాతో. నెలకోసారి పాత పేజీలన్నీ తిరగేసి, కుడి వైపు ఖాళీగా ఉన్నవాటిని మళ్లీ సైటులో చూడండి. విసుగే, కానీ ఇది మానేస్తే మిగతా శ్రమంతా వృథా.

పీడీఎఫ్‌ని తేదీ పేరుతో దాచుకోండి. మున్సిపల్ జోనల్ ఆఫీసుకి వెళ్తున్నప్పుడు మొదటి పేజీ, మీకు వర్తించే క్లాజున్న పేజీ ప్రింటు తీసి పట్టుకెళ్లండి. ఫోన్లో చూపిస్తే కౌంటర్లో ఎవరూ చదవరు.

మీ పేరు మీదే నోటీసు లేదా ఆర్డరు వస్తే మాత్రం సోమవారం దాకా ఆగొద్దు. జీఎస్టీ ఆర్డరు మీద అప్పీలుకు, అది అందిన రోజు నుంచి మూడు నెలలే గడువు. సరైన కారణం చూపితే ఇంకో నెల ఇవ్వొచ్చు, అంతకుమించి లేదు. అందిన తేదీని ఆ కాగితం మీదే రాసి, అదే రోజు వకీలుకో ఆడిటరుకో చూపించండి.